తేనెమ్మ తలమీద ఆకు

రండమ్మా, రండి నాయనా, ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. స్తంభానికి ఆనుకున్న ఆ పెద్దాయన అప్పుడే కునుకు తీస్తున్నట్టున్నారు, పక్కవాళ్ళు మెల్లగా కదపండి. పులిహోర వాసన వస్తోందని లేవకండి, ప్రసాదం కథ అయ్యాకే. మనసులో ఒక్కసారి స్వామిని తలుచుకుని చెవి ఒగ్గండి.

ఒక పెద్ద అడవిలో ఇప్పచెట్లు దండిగా ఉండేవి. ఎండలు ముదిరితే చాలు, తెల్లవారేసరికి చెట్ల కింద పూలు పరిచినట్టు ఉండేవి. అప్పుడే రాలిన పువ్వు తియ్యగా ఉంటుంది. గుంటలో నాలుగు రోజులు నానిన పువ్వు... ఎందుకులెండి, తెలిసినవాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు.

ఆ అడవిలో భల్లయ్య అని ఒక ఎలుగుబంటి. కిందటి వానల్లో అతని భార్యను వాగు ఈడ్చుకుపోయింది. ఆ దుఃఖం మరవడానికి భల్లయ్య నానిన పూలు గుప్పెడు తిన్నాడు. మర్నాడు గుప్పెడు చాలలేదు. ఆ తర్వాత గుంట కూడా చాలలేదు.

అతనికి ఒక్కతే కూతురు, తేనెమ్మ. ఎలుగుల ఇంట పిల్లలు వీపెక్కి తిరుగుతారు కదా, తల్లి పోయాక తేనెమ్మ తండ్రి వీపెక్కింది. పూలకోసం వంగినప్పుడల్లా వీపుమీద పిల్ల అడ్డం. అందుకని భల్లయ్య ఆమెను ఒక బండమీద దించి, "ఇక్కడే ఉండు తల్లీ, ఇప్పుడే వస్తా" అనేవాడు. పొద్దు వాలాక తూలుతూ వచ్చేవాడు. ఆకలని ఏడిస్తే పంజా విసిరేవాడు. ఒకసారి పిల్ల చెవి చీలింది.

మొదట్లో తేనెమ్మ గట్టిగా ఏడ్చేది. తర్వాత మెల్లగా ఏడ్చేది. తర్వాత మానేసింది.

ఇదంతా చెట్టుమీంచి చూసింది కొండముచ్చు మంగాయమ్మ. ఆవిడకు అడవిలో గొప్ప పేరేమీ లేదు. నోరు పెద్దది, చేతివాటం కూడా కాస్త ఎక్కువే, ఎవరి పండు కనబడినా తన పండే అనుకుంటుంది. అయినా పోయి పోయి అడవి సభలో కేకలు పెట్టింది.

"అధ్యక్షులవారూ! ఆ ఎలుగు తాగి పిల్లను కొడుతున్నాడు. మీరు అడగరా?"

అధ్యక్షుడు ఐరావతయ్యగారు, పెద్ద ఏనుగు, తొండం ఎత్తి గంభీరంగా చూశారు. "అడుగుతామమ్మా. కానీ పద్ధతి ప్రకారం అడుగుతాం."

వెంటనే ఒక సంఘం పెట్టారు. దాని పేరు వ్యసన విమోచన మనోపరీక్షా సంఘం. పేరు చెప్పడానికే ఊపిరి చాలదు, ఇంక పనికి ఎక్కడ చాలుతుంది! మనోవైద్యులుగా డాక్టర్ ఏకపాదంగారు, అంటే కొంగ, వచ్చారు. ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడితే ఎంతటివాడికైనా, ఆహా, ఎంత ఆలోచిస్తున్నారో అనిపిస్తుంది. సభ్యుడిగా తొండను వేశారు. ఎవరేమన్నా తల ఊపుతాడు కనక తగాదాలుండవు.

సంఘం ఎక్కడ పెట్టారంటారు? అడవిలోకెల్లా పెద్ద ఇప్పచెట్టు కింద!

"మాన్పించేది ఇప్పపువ్వు, కూర్చునేది ఇప్పచెట్టు కిందా?" అంది మంగాయమ్మ.

"నీడ బాగుంటుందమ్మా. మనసుకు చల్లదనం ముఖ్యం" అన్నారు కొంగగారు. తొండ తల ఊపాడు.

ఐరావతయ్యగారు మాట్లాడుతూ మాట్లాడుతూ కింద పూలన్నీ తొండంతో ఊడ్చి నోట్లో వేసుకున్నారు.

"అయ్యా, తమరూ తింటున్నారే!"

"తినడం కాదు. ఆవరణ శుభ్రం చేస్తున్నాం."

చూశారా! భల్లయ్య తింటే వ్యసనం, అధ్యక్షులవారు తింటే పారిశుధ్యం.

పరీక్ష మొదలైంది. ఫలానా రోజు వస్తున్నామని ముందే అడవంతా దండోరా వేయించారు. ఆ పొద్దున భల్లయ్య ఒళ్ళు కడుక్కుని, జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు. కొంగగారు అతన్ని ఒక దుంగమీద నడిపించారు. పడలేదు. "స్థిరచిత్తం" అన్నారు.

తర్వాత తేనెమ్మ వంతు. ఒక ఆకుమీద తడిమట్టి పులిమి ముందు పెట్టారు. "పాపా, ఇందులో నీకేం కనిపిస్తోంది?"

"మట్టి."

"బాగా చూడు. మబ్బులా? పువ్వులా? మీ నాన్నా?"

"మట్టేనండి."

"ఊహాశక్తి లోపించింది" అన్నారు కొంగగారు. "చెవి ఎలా చీలింది?"

తేనెమ్మ తండ్రి వంక చూసింది. "ముల్లు గీసుకుంది."

"పాపం! ముళ్ళపొదలు నరికించండి" అన్నారు అధ్యక్షులవారు. తొండ తల ఊపాడు. మర్నాటికల్లా పొదలన్నీ నరికేశారు. కుందేళ్ళకు ఇళ్ళు పోయాయి, అది వేరే కథ.

"పిల్ల ఏడుస్తుందా?" అని అడిగారు కొంగగారు.

"అస్సలు ఏడవదండి" అన్నాడు భల్లయ్య.

"ఇంకేం! ఇంత బుద్ధిమంతురాలిని మేం చూడలేదు. పెంపకంలో లోపం లేదు. ఇక తాగుడు ఒక్కటే మాన్పించాలి."

దానికి చికిత్స ఏమిటని సంఘం చాలాసేపు ఆలోచించింది. కొంగగారు ఒక కన్ను తెరిచారు. "ఒట్టు పెట్టిద్దాం. రోజూ పొద్దున్నే బిడ్డ తలమీద చెయ్యేసి, ఇక ముట్టనని ఒట్టు. తప్పితే బిడ్డకే ప్రమాదం. ఏ తండ్రైనా భయపడడూ?"

అమ్మా, ఈ మందు మన ఇళ్ళల్లోనూ ఉంది, నాకు తెలుసు. మీకూ తెలుసు. తల దించుకోనక్కర్లేదు, వినండి.

రోజూ పొద్దున్నే సంఘం ముందు భల్లయ్య కూతురి తలమీద పంజా వేసేవాడు. "ముట్టను, దీని మీద ఒట్టు." అందరూ చప్పట్లు కొట్టేవారు. చీకటి పడకముందే ముట్టేవాడు. మర్నాడు మళ్ళీ ఒట్టు, మళ్ళీ చప్పట్లు.

కొన్నాళ్ళకు తేనెమ్మ తలమీద ఒక మోదుగాకు కనబడసాగింది. తీగతో గడ్డం కింద గట్టిగా కట్టుకునేది. నిద్రలో కూడా విప్పేది కాదు.

"ప్రకృతి మీద ప్రేమ. చికిత్స పనిచేస్తోంది" అన్నారు కొంగగారు.

ఇక విజయోత్సవం పెట్టారు. వేదికమీద భల్లయ్య అందరి ఎదుటా ఆఖరి ఒట్టు వేస్తాడు, అధ్యక్షులవారు దండ వేయించుకుంటారు. ఒట్టు వేసేవాడికి దండ లేదు, వేయించేవాడికే.

సభ మొదలవకముందే మంగాయమ్మ వచ్చింది. పిల్లకోసం వచ్చిందని చెప్పను, దైవసన్నిధిలో అబద్ధమాడకూడదు. అతిథులకని పెట్టిన అరటిగెల కోసం వచ్చింది. ఒక పండు ఒలిచి నోట్లో పెట్టుకుంటూ చూస్తే, వేదిక మూల తేనెమ్మ. బుద్ధిగా, చేతులు కట్టుకుని, తలమీద ఆకుతో.

ఎదురుగా బిడ్డను పెట్టుకుని ఒక్కతే తినడానికి మంగాయమ్మకు మనసొప్పలేదు.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానత్తా."

"ఏం తిన్నావు?"

తేనెమ్మ అరటిగెల వంక చూసింది. మంగాయమ్మ ఇంకో పండు ఒలిచి చేతిలో పెట్టి పక్కనే చతికిలబడింది. ఏమీ అడగలేదు. మూడో పండు అయ్యాక తేనెమ్మే నోరు విప్పింది.

"అత్తా, ఆకు మందంగా ఉంటే ఒట్టు తలకు తగలదు కదా?"

"ఏం ఒట్టే?"

"నాన్న రోజూ తప్పుతాడు. రోజూ ఇవాళ చచ్చిపోతానేమో అనుకుంటా. నిద్రపోతే తెలీకుండా పోతానని పడుకోను." ఆగి అంది, "అమ్మ మీద కూడా ఎవరైనా ఒట్టేశారా అత్తా?"

మంగాయమ్మ చేతిలో పండు పక్కన పడేసింది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది తేనెమ్మ. ఎన్నాళ్ళదో ఏడుపు. చెట్లమీద పిట్టలు ఎగిరిపోయాయి.

కొంగగారు రెండో కాలు కూడా దించి పరుగెత్తుకొచ్చారు. "ఏం చేశావు? ఇన్నాళ్ళూ కిక్కురుమనని పిల్ల! చికిత్సంతా పాడుచేశావు!"

"పోనీయండి, సభ ఆగకూడదు" అన్నారు ఐరావతయ్యగారు. అప్పటికే ఆవరణ బాగా శుభ్రం చేసి ఉన్నారేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆ ఆకు తీయించి ఒట్టు కానివ్వండి."

మంగాయమ్మ పిల్లను ఎత్తుకునే లేచింది. "ఆగండి అధ్యక్షులవారూ! ముందు మీరు వేయండి. మీ గున్న అక్కడే ఉందిగా, దాని తలమీద తొండం పెట్టి, ఇప్పపువ్వు ముట్టనని చెప్పండి."

"మాది వేరు. మేం..."

మాట పూర్తికాలేదు. ముందు వరసలో కూర్చున్న ఏనుగుగున్న తండ్రిని ఒకసారి చూసింది. మెల్లగా ఒక టేకాకు తెంపి తలమీద పెట్టుకుంది.

పక్కనున్న జింకపిల్ల ఒక ఆకు పెట్టుకుంది. పందిపిల్లలు వెతుక్కుని మరీ పెట్టుకున్నాయి. చూస్తుండగానే సభలో పిల్లలందరి తలలమీదా ఆకులే. తొండ అలవాటు చొప్పున తల ఊపబోయి, తన పిల్ల తలమీది చిట్టి ఆకు చూసి ఆగిపోయాడు. అడవి పుట్టాక అతని తల ఊగకపోవడం అదే మొదలు.

ఒట్టు వేయడానికని వేదికమీద భల్లయ్య ఎత్తిన పంజా అలాగే ఉండిపోయింది. కూతురి చీలిన చెవి చూశాడు.

"అక్కా, అది ముల్లు కాదు. నేనే" అన్నాడు. "రోజూ మానేస్తానన్నాను. నావల్ల కావట్లేదు. ఒట్టు నిలవదు. పిల్లను నీ దగ్గర ఉంచుకో. నన్నెవరైనా ఈ చెట్లకు దూరంగా తీసుకుపోండి."

"రోగే ఒప్పుకున్నాడు, చికిత్స విఫలం" అని చెప్పి కొంగగారు కళ్ళు మూసుకున్నారు. సభవారు ఆ పూటే ఒక తీర్మానం చేశారు: అడవిలో పిల్లలు తలమీద ఆకులు పెట్టుకోవడం నిషేధం.

భల్లయ్యను మంగాయమ్మవాళ్ళే వాగు అవతలికి తీసుకుపోయారు. అక్కడ ఇప్పచెట్టు లేదు. మంగాయమ్మ మొగుడు కొమ్మమీద కాపలా కూర్చుని, భల్లయ్య ఇటువైపు అడుగు వేస్తే చాలు, పులిని చూసినట్టు కూసేవాడు. అయినా భల్లయ్య జారాడు, ఒకసారి కాదు. జారినప్పుడల్లా తనే వచ్చి చెప్పేవాడు, మళ్ళీ అవతలికి నడిచేవాడు. తేనెమ్మ మంగాయమ్మ ఇంట కడుపునిండా తిని, పళ్ళు దొంగిలించడంలో ఆవిడను మించిపోయింది.

పూలు రాలడం ఆగాక, ఒక సాయంత్రం భల్లయ్య వచ్చి దూరంగా కూర్చున్నాడు. తల నిమరబోలేదు. వెనక్కి తిరిగి వీపు చూపించి ఊరుకున్నాడు. తేనెమ్మ ఆ రోజు ఎక్కలేదు. చాలా సాయంత్రాలు ఎక్కలేదు. ఒకనాడు ఎక్కింది. ఆకు మాత్రం తీయలేదు. తీయమని అతనూ అనలేదు.

నీతి చెప్పమంటారా? ఒట్టు వేయాలనిపిస్తే ఎవరి తల వాళ్ళు వాడుకోండి, అందుకే దేవుడు తలకో తల ఇచ్చాడు.

ఈ నీతి మరిచిపోయినా స్వామి ఏమీ అనుకోడు. మంగాయమ్మ చేసిన పని ఒక్కటి మాత్రం మరవకండి. ఇంటికెళ్ళే దారిలో ఏ బిడ్డయినా మరీ బుద్ధిగా కూర్చుని కనబడితే, పక్కన చతికిలబడి "తిన్నావా తల్లీ?" అని అడగండి. తిన్నానంటే లేచి వెళ్ళిపోకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.