ఆరని కొవ్వొత్తి

"ఇకమీదట మన పిల్లలు సైన్సు చదవరు, చేస్తారు!" అని విద్యామంత్రిగారు ప్రకటించినప్పుడు సభలో చప్పట్లు ఎంతకీ ఆగలేదు. దేశం మొత్తానికీ ఒకే సైన్సు పాఠ్యప్రణాళిక, పాఠానికో ప్రయోగం. ఆరో తరగతి పుస్తకం రాసే కమిటీలో నన్నూ వేశారు. ఆ ఏడు మా అమ్మాయి ఆరో తరగతే. కూతురు చదివే పుస్తకం రాసే యోగం ఎంతమంది తండ్రులకు దక్కుతుంది? నా కాళ్లు నేలమీద ఆనలేదు.

మొదటి పాఠం గాలి. వెలిగే కొవ్వొత్తి మీద గాజుగ్లాసు బోర్లిస్తే కాసేపటికి ఆరిపోతుంది. మండాలంటే గాలి కావాలని పిల్లలకు తెలుస్తుంది. ఈ ప్రయోగం మంత్రిగారే స్వయంగా చేసి పుస్తకం ఆవిష్కరిస్తారనీ, ఆ ఫొటో పాఠం పక్కనే అచ్చేయాలనీ కబురొచ్చింది.

రిహార్సల్‌కి మంత్రిగారి కార్యదర్శి వచ్చారు. కమిటీ పెద్ద అయిన ప్రొఫెసరమ్మగారు గ్లాసు బోర్లించారు. కొవ్వొత్తి ఆరింది. కార్యదర్శిగారి మొహం మాడింది.

"ఇదేంటండీ, ఆరిపోయింది?"

"ఆరాలి సార్. ప్రయోగమే అది."

"మంత్రిగారు వెలిగించింది ఆరిపోవడమా? అదీ టీవీలో, ఎన్నికల ముందు?"

"లోపల గాలి చాలకపోతే ఎవరు వెలిగించినా ఆరుతుంది."

"ఎవరు వెలిగించినా అంటే? మంత్రిగారూ మనమూ ఒకటేనా మేడం?"

ఆ సాయంత్రమే ప్రొఫెసరమ్మగారికి, ఆవిడ అడక్కుండానే, విశ్రాంతి మంజూరైంది.

కార్యదర్శిగారి ముందుచూపే ముందుచూపు. బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తి తెప్పించారు. ఆవిష్కరణ సభలో మంత్రిగారు అగ్గిపుల్ల దగ్గరికి తేగానే బల్లకింద దాక్కున్న డ్రైవరు మీట నొక్కాడు. గ్లాసు బోర్లించారు. ఉపన్యాసం గంటన్నర సాగినా కొవ్వొత్తి చెక్కుచెదరలేదు. చివరికి మంత్రిగారికే ముచ్చటేసి, "సైన్సు ఇంత గొప్పదని నాకిన్నాళ్లూ తెలీదయ్యా," అన్నారు.

ఆ రోజు ఆవిష్కరించింది అట్ట మాత్రమే. లోపలి పేజీలు ఇంకా అచ్చుకి వెళ్లలేదు. కార్యదర్శిగారు నన్ను పిలిచారు.

"ఫొటోలో వెలుగుతోంది. పాఠంలో ఆరిపోతుందని ఉంది. రెంటిలో ఒకటి మారాలి. ఫొటో మారదు."

'ఆరిపోతుంది' కొట్టేసి 'ఆరదు' అని రాశాను. 'కారణం' అన్నచోట ఏం రాయాలో ఎంతకీ తోచక, 'పిల్లలు ఆలోచించి చెప్పాలి' అని పెట్టాను. ఆ వాక్యం చాలా ఆధునికంగా ఉందని కార్యదర్శిగారు నా భుజం తట్టారు.

పరీక్షలయ్యాక బడినుంచి పిలుపొచ్చింది. వెళ్తే మా అమ్మాయి టీచరుగది గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"మీ అమ్మాయి సైన్సు తప్పింది సార్," అంది టీచరమ్మ. "ప్రయోగం ఎన్నిసార్లు చెయ్యమన్నా కొవ్వొత్తి ఆర్పేస్తోంది."

"నేను ఆర్పలేదు నాన్నా. అదే ఆరిపోతోంది. నువ్వు రాసినట్టే చేశాను."

"మరి మిగతా పిల్లలకి ఆరలేదాండీ?" అని అడిగాను.

"వాళ్లెవరూ చెయ్యలేదు సార్. బుద్ధిగా పుస్తకంలో ఉన్నది రాశారు. అందరికీ పదికి పది." టీచరమ్మ గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో సైన్సు తెలిసినవాళ్లెవరైనా ఉంటే పిల్లని కాస్త కూర్చోబెట్టి చెప్పించండి."

మా అమ్మాయి నావైపే చూస్తోంది.

"ఉన్నారేమో కనుక్కుంటానండీ," అన్నాను.