ఆవు మెచ్చిన తలుపు

ఈ కథలోని ఉమామహేశ్వర్‌ను నేను చాలా దగ్గర్నుంచి ఎరుగుదును. ఎంత దగ్గరంటే, గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో ఆయనే కనిపిస్తాడు. "నేను" అని రాస్తే చదివేవాళ్లు జాలిపడతారేమోనని ఆయన్ని కాస్త దూరంగా నిలబెట్టి చెబుతున్నాను. జాలిపడాల్సినంత మంచివాడేం కాదు.

2009, శ్రావణమాసం. నాచారంలో కట్టుకున్న ఇంటికి మర్నాడు గృహప్రవేశం. ఆ పొద్దున ఉమామహేశ్వర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. సింహద్వారం టేకు తలుపులకి తన చేత్తో నూనె పట్టించాలి, అంతే. కానీ దాని వెనక పంతొమ్మిదేళ్ల బాధ ఉంది. పెళ్లైన కొత్తలో సామర్లకోటలో మామగారింట్లో ఫ్యాను బాగుచేస్తానని స్టూలెక్కి, ఫ్యానుతో సహా కిందికి దిగాడు. అప్పట్నుంచి అల్లుడు మేకు దగ్గరికి వెళ్లినా, మేజా దగ్గరికి వెళ్లినా మామగారు సుబ్రహ్మణ్యంగారిది ఒకటే మాట: "నువ్వు చెయ్యి పెట్టకు నాయనా." ఆ నోట ఒక్కసారి "భేష్" అనిపించుకోవాలని ఉమామహేశ్వర్ కోరిక. సొంతిల్లు కట్టడంకన్నా అదే పెద్ద కోరిక.

వడ్రంగి పాండురంగం తలుపులు బిగించి వెళ్తూ మంచి మాటే చెప్పాడు.

"సార్, పచ్చి అవిసె నూనె రాయకుండ్రి, వారమైనా ఆరది. హార్డువేర్ షాపుల మరగవెట్టింది దొర్కుతది, గది జర పల్సగ రాయుండ్రి. తుడ్సిన బట్టలు మాత్రం ఒక్క కాడ కుప్ప వెయ్యకుండ్రి."

తను ఇంటర్లో కెమిస్ట్రీ చదివానని ఉమామహేశ్వర్ జవాబిచ్చాడు. తప్పినట్టు చెప్పలేదు.

అతని ఆలోచన వేరే. పసుపు రాసి బొట్లు పెట్టే గడప, లక్ష్మీదేవి నడిచొచ్చే గుమ్మం, దానికి రంగుల కొట్లో ఏవేవో మందులు కలిపిన నూనె రాస్తారా ఎవరైనా? ఇంట్లో స్వచ్ఛమైనది ఉండనే ఉంది. గుండెకి మంచిదని పేపర్లో చదివిన దగ్గర్నుంచి భార్య కమలకుమారి ఇల్లంతా అవిసె గింజలతో నింపేసింది. కారప్పొడి అవిసెతోనే, లడ్డూలు అవిసెతోనే, తలకి పట్టించే జిగురూ ఆ గింజలు నానబెట్టి తీసిందే. హబ్సిగూడ నుంచి తెప్పించిన గానుగ నూనె మూడు సీసాలుంది. ఆ మూడూ తలుపు చేత తాగించాడు. పల్చగా రాయమనడం పాండురంగం పిసినారితనం అనుకున్నాడు.

సాయంత్రానికి తలుపు మీద వేలు పెడితే వేలు రానంటోంది. తువ్వాళ్లతో తుడిచాడు, బనీన్లతో తుడిచాడు, చివరికి కమల పాత నూలు చీర కూడా తెచ్చి తుడిచాడు. నూలు పోగులు తలుపుకి అంటుకుని దానికి నూగు మీసాలొచ్చాయి. మామగారి కంట పడకూడదని ఆ బట్టలన్నీ కుక్కి కుక్కి ఒక ఇనప తట్టలో, చెక్క పొట్టు మీద పెట్టి, పైన గోనె కప్పి వంటగది గట్టు కిందికి తోసేశాడు. తాళం వేసి రామంతాపూర్‌లో అద్దింటికి పోయి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారాక కొత్తింటి ముందు వానలో ఆటో దిగారు మామగారు. ఆయన వేసుకుంది గంజి పెట్టిన తెల్ల లినెన్ చొక్కా. వెంట గోనె నిండా పిడకలు. గ్యాసు పొయ్యి మీద పాలు పొంగిస్తే ఆయన ఒప్పుకోరు, దేశవాళీ ఆవు పిడకలే కావాలి. గోనె ఆటో వెనక కట్టడంతో తార్నాక నుంచి నాచారం దాకా తడుస్తూ వచ్చింది. ఆ సంగతి అప్పటికి ఎవరూ చూడలేదు. ఆయన మాత్రం నేరుగా వచ్చి, టేకు మంచిదేనా అని తలుపు మీద చెయ్యి వేశారు. మోచేయీ ఆనించారు. తర్వాత తీయబోయారు.

"ఏవిటయ్యా ఇది, తలుపా, పనసపండా?"

లినెన్ కూడా అవిసె నారతోనే నేస్తారని, నూనే నారా ఒకే మొక్కవి కాబట్టి అలా కలిసిపోయాయని ఉమామహేశ్వర్ వివరించాడు. అది వివరణలకి సమయం కాదని కమల చూపులతో చెప్పింది.

పదీ ఇరవైలోపు పాలు పొంగాలి, ఆపైన వర్జ్యం. ముందుగా ఆవు ఇంట్లో అడుగు పెట్టాలి. లాలాపేట నుంచి రాములమ్మ తన ఆవుని, దూడని తోలుకొచ్చింది. ఆవు గడప దగ్గరికొచ్చి, వాసన చూసి, ఆగి, తలుపు కుడి రెక్కని నాకడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, ఒక్క పోగు వదలకుండా. రాములమ్మ తాడు లాగింది, పంతులుగారు మంత్రం పెంచారు, వెనక నలభై మంది చుట్టాలు వానలో నిలబడ్డారు.

"మా లచ్చిమి గిట్ల ఎన్నడు జెయ్యలే సారు. ఏం రాసిన్రు దీనికి?" అని రాములమ్మ అడిగింది. ఉమామహేశ్వర్ దగ్గర ఆ రోజుకి వివరణలు అయిపోయాయి.

కుడి రెక్క అద్దంలా తయారయ్యాక గానీ ఆవు కదల్లేదు. అప్పటికి పదీ పది. వంటగదిలో ఇటుకల మీద పాలగిన్నె పెట్టి పిడకలు అంటిస్తే, పొగ కూడా రాలేదు. కర్పూరం పొట్లం మొత్తం అయిపోయింది. పిడకలు పిండితే నీళ్లు కారాయి. సుబ్రహ్మణ్యంగారి మొహం పాలిపోయింది. కూతురి గృహప్రవేశం తన పిడకల వల్ల చెడిపోతోందని ఆ పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఉమామహేశ్వర్‌కి నిజంగా ప్రాణం చివుక్కుమంది. భేష్ లేకపోతే పీడాపోయె, ఈయన ఏడవకూడదు అనుకున్నాడు.

చెక్క పొట్టైనా అంటుకుంటుందేమోనని గట్టు కింది తట్ట బయటికి లాగి, పైన గోనె తీశాడు. వేడి మొహాన కొట్టింది. పొగ లేచింది. అగ్గిపుల్ల గీయలేదు, కర్పూరం లేదు, చూస్తుండగానే తట్ట భగ్గుమంది. భయంతో దాన్ని కాలితో తన్నాడు. అది పోయి సరిగ్గా ఇటుకల మధ్య, పాలగిన్నె కింద ఆగింది. మూడు సీసాల నూనె తాగిన బట్టలు కదా, పదీ పద్దెనిమిదికి పాలు తూర్పు వైపుకి పొంగాయి.

పంతులుగారు అగ్నిదేవుడికి రెండు చేతులూ జోడించారు. సుబ్రహ్మణ్యంగారు అల్లుణ్ణి, తలుపు జిగురంటిన చొక్కాతోనే, గట్టిగా కౌగిలించుకున్నారు.

"భేష్ నాయనా. ముందే ఇంత ఆలోచించి పెట్టావా?"

పంతొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట. గుమ్మం దగ్గర పాండురంగం తట్టనే చూస్తున్నాడు. మెల్లగా దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"సార్, రాత్రి ఇంట్ల ఎవ్వలన్న పండుకున్నరా?"

"లేదు."

"మంచిగైంది," అని అతను పక్కకి తప్పుకున్నాడు. అవిసె నూనె బట్టలు కుప్పగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయని కెమిస్ట్రీ కన్నా పాండురంగానికే బాగా తెలుసు. ఇంకో గంట ఆలస్యమైతే గృహప్రవేశానికి గృహం ఉండేది కాదు. ఉమామహేశ్వర్ మామగారితో నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. కమల అందులో అవిసె లడ్డూ పెట్టింది.

"ఇకమీదట మా ఇంట్లో ఏ పనైనా నీ చెయ్యి పడాల్సిందే. సంక్రాంతి లోపు సామర్లకోట వచ్చి మా తలుపులక్కూడా ఇదే నూనె పట్టించు," అంటున్నారు మామగారు.

ఉమామహేశ్వర్ ఇంటి తలుపు ఎడమ రెక్క దసరాకి ఆరింది, అదీ లచ్చిమి రోజూ పొద్దున్నే లాలాపేట నుంచి వచ్చి సాయం చేస్తే.