గ్లైడరుకు తరుగు

ఆ ఉదయం కాశీరావు పెట్టుకున్న పనులు రెండే. చల్లపల్లి చేపల యార్డులో తూకాలు త్వరగా ముగించడం, ఆపైన మేనకోడలు మనోజ్ఞ ఎగురుతుంటే చూడడం. విజయవాడలో ఇంజనీరింగు చదివే మనోజ్ఞ, జయదేవ్‌లు స్నేహితులతో కలిసి వెదురుతో, గుడ్డతో ఇంజను లేని గ్లైడరు కట్టారు. జీపుకు తాడు కట్టి లాగితే అది లేవాలి. లేవకపోతే దాన్ని కట్టుకున్న షెడ్డు కాలేజీ క్యాంటీనుకు పోతుంది. ఆ సంగతి తేల్చడానికి ప్రిన్సిపాల్ శేషగిరిరావు స్వయంగా వస్తున్నారు.

"అంకుల్, ముందు కూర్చునే మనిషి యాభై అయిదు కిలోలకి తగ్గకూడదండి. తగ్గితే వెనక్కి పల్టీ కొడుతుంది, మరీ ఎక్కువైతే ముక్కు లేవదు. మనోజ్ఞని ఓసారి తూచరా?" అన్నాడు జయదేవ్.

మనోజ్ఞ పాత కాటా ఎక్కింది. కాశీరావు ముల్లు చూసి, అలవాటుగా పెదాలు కదిపి, "యాభై!" అని కేకేశాడు.

"మావయ్యా, నువ్వు బంగారం!"

అయిదు కిలోలు తక్కువని తేల్చిన జయదేవ్, ముక్కులో పెట్టడానికి బరువేదైనా ఇమ్మన్నాడు. యార్డులో ఉన్నది చేపల మీద చల్లే ఐసు పొడి. కాశీరావు గోనెసంచిలో అయిదు కిలోలు తూచి, మన పిల్లలే కదా అని మరో మూడు కొసరు వేశాడు.

సంచి ముక్కులో పెట్టి మనోజ్ఞ ఎక్కింది; యార్డు పక్క మినుములు పీకేసిన చేలో జీపు లాగింది. గ్లైడరు లేవలేదు, ముక్కుతో దున్నుకుంటూ పోయింది. మళ్లీ లాగితే రెండో చాలు పడింది.

"దీన్ని వ్యవసాయ కాలేజీకిచ్చెయ్యండయ్యా! రేపు షెడ్డు ఖాళీ చెయ్యండి," అని శేషగిరిరావు కారెక్కారు. గట్టు దారికి అడ్డంగా కాశీరావు చేపల వ్యాను ఉంది.

మేనకోడలి కళ్లలో నీళ్లు చూశాడు కాశీరావు. "డ్రైవరు భోజనానికెళ్లాడండి, తాళం వాడి దగ్గరే ఉంది," అన్నాడు, జేబులో తాళాన్ని తడుముకుంటూ.

మండుటెండలో రెండు గంటలు గడిచాయి. "ఊరికే కూర్చోడం దేనికి, ఇంకోసారి లాగండి," అన్నాడు కాశీరావు.

ఈసారి గ్లైడరు లేచింది. తాడు వదిలి, కాలవ దాటి, అవతలి చేలో మెత్తగా వాలింది. శేషగిరిరావు చెప్పులు చేతబట్టుకుని అటు పరుగెత్తారు.

జయదేవ్ సంచి తీసి చూశాడు. తడి తప్ప ఏమీ లేదు. "ఐసంతా కరిగిపోయింది! యాభై కిలోల మనిషితో పల్టీ కొట్టాలే?"

"ముల్లు యాభై ఆరు చూపించింది బాబూ," అన్నాడు కాశీరావు నెమ్మదిగా. "బుట్టలో ఐసూ నీళ్లూ ఉంటాయని మా యార్డులో వందకి పది తరుగు తీసే చెబుతాం. నోరు అలవాటు."

"నేను చేపనా మావయ్యా?"

"షెడ్డు ఉంచుకోండి. ముందా వ్యాను తీయించండి," అన్నారు శేషగిరిరావు రొప్పుతూ. కాశీరావు జేబులోంచి తాళం తీశాడు.

గ్లైడరు లెక్కలు రాసుకునే పుస్తకంలో మనోజ్ఞ బరువును యాభై ఆరుగా దిద్దారు. ఇంట్లో మాత్రం ఆమె ఇప్పటికీ తరుగు తీసిన బరువే చెబుతోంది.