ఫ్రిజ్ మీద తొమ్మిది కాలేజీలు

పాల ట్యాంకరు తోలే రూడీ పావ్లిచెక్‌కు ఆ శుక్రవారం పెద్ద పనులేమీ లేవు. ఆరు ఫారాల్లో పాలు ఎక్కించుకోవాలి, ప్లాంటులో దింపాలి, సాయంత్రం తల్లినీ కూతురినీ తీసుకుని చర్చి హాలుకు వెళ్లి వేయించిన చేప తినాలి. ఈస్టరుకు ముందు వచ్చే శుక్రవారాల్లో అమెరికాలోని ఆ మానిటోవాక్ ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పేది అదే.

తెల్లవారకముందే లేచి, కాఫీలోకి పాలకోసం ఫ్రిజ్ దగ్గరికి వెళితే తలుపుమీద అంటించిన కాగితం కనిపించింది. కూతురు టెస్ రాత. మూడు వరుసలు: ఆశ, సరిజోడు, భరోసా. ఒక్కో వరుస కింద మూడేసి కాలేజీలు. "ఆశ" కింద అన్నిటికన్నా పైన హార్‌గ్రోవ్ యూనివర్సిటీ. దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు.

రూడీ చదువు హైస్కూలుతో ఆగిపోయింది. ఆయనకు తెలిసినంతలో పేరు పక్కన టిక్కు పడిందంటే పని అయిపోయినట్టే. టెస్ ఇంకా పదకొండో తరగతే. బడిలో మార్కులు అంతంతమాత్రం, అన్నీ బీ, సీ గ్రేడ్లే. కానీ మొన్న కాలేజీ ప్రవేశపరీక్షలో పదహారు వందలకు పదిహేను వందల పది తెచ్చుకుంది. "ఏడాది ముందే పిలిచేశారన్నమాట!" అనుకున్నాడు. పిల్లను లేపి అడగవచ్చు. నిద్ర చెడగొట్టడం ఎందుకని అడగలేదు.

మొదటి ఫారంలో ఎల్మర్ క్రూగర్‌తో, "ఎవరితోనూ అనకు, మా టెస్‌కి హార్‌గ్రోవ్‌లో సీటొచ్చింది," అన్నాడు.

"నేనెందుకంటాను?" అన్నాడు ఎల్మర్. ట్యాంకరు గేటు దాటకముందే ఫోను అందుకున్నాడు.

రెండో ఫారానికి రూడీ చేరేసరికి వార్త ఆయనకన్నా ముందే చేరింది. మూడో ఫారంలో, "ఫీజు కూడా లేదటగా!" అన్నారు. రూడీకి ఆ సంగతి తెలియదు, కానీ వినడానికి బాగుండటంతో కాదనలేదు. అయిదో ఫారంలో టెస్ డాక్టరు చదువుతోంది. ఆరో ఫారంలో ముసలి మిసెస్ హాన్సెన్ ప్యాంటు పైకెత్తి, "మీ అమ్మాయిని ఒకసారి ఈ మోకాలు చూడమను నాయనా," అంది.

సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. టెస్ నానమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి రాగానే రెండొందల మంది లేచి చప్పట్లు కొట్టారు. పదకొండుమంది హార్‌గ్రోవ్ పేరున్న ఎర్ర చొక్కాలు వేసుకున్నారు. ఎల్మర్ భార్య వాటికోసం గంటన్నర దూరం కారు తోలింది. మధ్య బల్లమీద చిన్న తలుపంత కేకు. దానిమీద "డాక్టర్ టెస్".

"నాన్నా, ఏంటిది?" అంది టెస్ పళ్ల మధ్యనుంచి.

"నువ్వు దాస్తే దాగుతుందేంటే! టిక్కు చూశాను."

"అయ్యో నాన్నా, ఆ టిక్కు దాని గురించి చదివేశానని! నా మార్కులతో అక్కడ కుదరదు, పేరు కొట్టేద్దామనుకుంటున్నా. అసలు అప్లికేషనే పెట్టలేదు!"

రూడీ మొహం చేపకు పూసిన పిండిలా తెల్లబడింది. ఈలోపు ఫాదర్ నొవోట్నీ మైకు తెచ్చి టెస్ చేతిలో పెట్టేశాడు. పారిపోవడానికి దారి లేదు. టెస్ గొంతు సవరించుకుంది.

"నాకు సీటు రాలేదండీ. నేను డాక్టర్ని కూడా కాదు. నాకున్నది మంచి స్కోరు, మామూలు మార్కులు. స్కోరు చూసి తలుపు తీస్తారు, మార్కులు చూసి గుమ్మంలోనే నిలబెడతారు. అందుకే మా బడి కౌన్సిలర్ మేడమ్ తొమ్మిది కాలేజీలు రాసుకోమన్నారు. మూడు ఆశకి, మూడు మనకి తగినవి, మూడు తప్పకుండా వచ్చేవి, కెల్నర్ స్టేట్ లాంటివి."

"తప్పకుండా వచ్చేదా?" పళ్ల డాక్టరు లేచాడు. "నేను చదివింది అక్కడే!"

"నేనూ అక్కడే," అంది ఫైర్ స్టేషన్ చీఫ్.

"నాకు రెండోసారికి గాని సీటు రాలేదు," అన్నాడు మందుల షాపాయన. హాలంతా గొల్లుమంది.

ఓ మూల క్యాబేజీ నంజుకుంటున్న కౌన్సిలర్ మిసెస్ ఓడమ్ కల్పించుకుంది. "తప్పేం చెప్పింది? కాకపోతే టెస్, ఆ మార్కులెందుకలా ఉన్నాయి? లెక్కల క్లాసు మొదటి పీరియడ్. సోమ, బుధ, శుక్రవారాలు నువ్వు రానే రావు. అడిగితే నిద్ర లేవలేదంటావ్."

"నిద్రేంటమ్మా?" అంది నానమ్మ బొజెనా, వినబడాలని మైకుకు దగ్గరగా జరిగి. "పొద్దున్నే నన్ను డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నర్సు సూది గుచ్చేదాకా చెయ్యి వదలదు. ఏడాదిన్నరైంది."



రూడీ కూతురివైపు తిరిగాడు. "ఆ రోజుల్లో బడి తొమ్మిదింటికన్నావ్ కదే?"

"నిజం చెప్తే నువ్వు పని మానేసేవాడివి." టెస్ తల వంచుకుంది. "లెక్కలు అక్కడ కూర్చునే చేసుకున్నా. టీచరుకి ఇవ్వలేదంతే."

మిసెస్ ఓడమ్ ఫోర్కు పక్కన పెట్టింది. "ఇన్నాళ్లూ నేను బద్ధకస్తురాలివనుకుని జాబితా రాయించానన్నమాట. అమ్మాయ్, సోమవారం ఆ కాగితం పట్టుకురా. ఈ సంగతి నీ అప్లికేషన్‌లో ఉండి తీరాలి, నా ఉత్తరంలోనూ ఉంటుంది."

"జాలికోసం రాయను మేడమ్."

"జాలికెవరు రాయమన్నారు? హాజరు ఎందుకు తగ్గిందో రాయి. అది లెక్క."

రూడీ మైకు అందుకున్నాడు. పొద్దుటి అబద్ధానికి క్షమాపణ అడుగుతాడనుకున్నారు అందరూ. "నాకు తెలియదు," అన్నాడు. "మా అమ్మాయండీ," అన్నాడు. పొద్దున్న ఆరు ఫారాల్లో చెప్పినదానికన్నా అదే పెద్దగా వినిపించింది.

చీఫ్ కాగితపు రుమాలు మీద సోమ, బుధ, శుక్ర అని రాసి బల్లల వెంట తిప్పింది. చేప చల్లారేలోపు బొజెనాను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి పధ్నాలుగు పేర్లు పడ్డాయి. ఎల్మర్ రెండుసార్లు రాశాడు. ఏడాదిన్నరలో మొదటిసారి టెస్ సోమవారం మొదటి పీరియడ్‌కు వెళ్లింది. పన్నెండో తరగతిలో లెక్కలకు "ఏ" గ్రేడు వచ్చింది.

జాబితా మారింది. హార్‌గ్రోవ్‌ను అయిదు నిమిషాలు ఆలోచించి టెస్సే కొట్టేసింది. "సరిజోడు" లోంచి ఆల్డెన్ కాలేజీ స్కోరు చూసి తలుపు తీసింది, ఉత్తరం చదివి లోపలికి రమ్మంది, స్కాలర్‌షిప్ కూడా ఇచ్చింది. కెల్నర్ స్టేట్ కూడా రమ్మంది. టెస్ రానన్నందుకు పళ్ల డాక్టరు వారం రోజులు పలకలేదు.

ఆగస్టులో రూడీ పాలపనికి సెలవు పెట్టి కూతుర్ని ఆల్డెన్‌లో దింపాడు. పెట్టెలు మూడంతస్తులు మోశాడు, మంచం బిగించాడు, బాగానే ఉన్న కిటికీని కూడా బాగుచేశాడు. బయలుదేరేముందు కంట్లో నలుసు పడిందన్నాడు. రెండు కళ్లలోనూ పడింది.