బెల్టుకు పోయిన ఓబులేసు

మర్నాడు అత్తగారిని కంటి ఆపరేషనుకు మార్కాపురం తీసుకుపోవాలి కాబట్టి, ఈ పూటే గిద్దలూరు వెళ్ళి కారుకు టైమింగ్ బెల్టు మార్పించాలని ఓబులేసు పళ్ళు తోముకుంటూ అనుకున్నాడు. కారు పాతది, డీజిలుది. రాచర్లలో పెళ్ళికైనా ఆసుపత్రికైనా బాడుగకు పోయేది అదే. అతని ఇల్లు గడిచేదీ దానిమీదే. బెల్టు మార్చాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. దారిలో తెగిందంటే వాల్వులు వెళ్ళి పిస్టన్లకు గుద్దుకుంటాయి. ఇక ఇంజను కథ ముగిసినట్టే.

ఇదంతా భార్య నాగేంద్రమ్మకు చెప్పవచ్చు. చెబితే ఆమె "ఇప్పుడు బాగనే నడుస్తుంది గదా" అంటుంది. దానికి జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వస్తుంది. ఓబులేసుకు అంత ఓపిక లేదు. "గిద్దలూరు పోయొస్తా, పనుంది" అని మాత్రం చెప్పి బయటపడ్డాడు.

సెంటర్లో టీ బంకు సుబ్బులు పలకరించింది. "యాడికన్నా, పొద్దున్నే?"

"బెల్టుకు" అన్నాడు ఓబులేసు, టీ ఊదుకుంటూ.

ఆ మాట అక్కడే వదిలేసి అతను వెళ్ళిపోయాడు. మాట మాత్రం అక్కడ ఆగలేదు. ఆ పల్లెల్లో బెల్టు అంటే ఒకటే, దొంగచాటుగా మందు అమ్మే బెల్టు షాపు. ఓబులేసు ఒకప్పుడు వాటికి నమ్మకమైన ఖాతాదారు. నాలుగేళ్ళ కిందట మానేశాడు. తాగినన్నాళ్ళూ ఊరంతా చూసింది గాని, మానేశాక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

నీళ్ళ ట్యాంకరు దగ్గర నాగేంద్రమ్మ కనబడగానే సుబ్బులు బిందె కింద పెట్టి గొంతు తగ్గించింది. "వదినా, అన్న మళ్ళా మొదలుపెట్టినాడా ఏంది? బెల్టుకు పోతన్నా అని నోటితోనే చెప్పినాడు."

నాగేంద్రమ్మ నమ్మలేదు. కానీ ఫోను చేసింది.

ఆ సమయానికి గిద్దలూరు షెడ్డులో మెకానిక్ గురుస్వామి కారు ముందు చక్రం ఒకటి ఊడదీసి, పాత బెల్టు తీసి, గుర్తులన్నీ కలిపి, కొత్తది ఎక్కించి టెన్షనరు బిగిస్తున్నాడు. ఇంజను కదలకుండా ఓబులేసు కింద పడుకొని పెద్ద స్పానరు పట్టుకున్నాడు. ఫోను మోగితే "నాకు చేతులు ఖాళీ లేవు, నువ్వే మాట్లాడు" అని గురుస్వామికి చెప్పాడు.

కొత్త గొంతు వినగానే నాగేంద్రమ్మ గట్టిగా అడిగింది. "ఆయన యాడున్నాడు?"

"ఈడనే ఉన్నాడక్కా. కింద పండుకున్నాడు."

"పండుకున్నాడా? ఏమైంది ఆయనకు?"

"ఏంలేదక్కా, బెల్టు పని. ఫుల్ టైటయింది. కొంచెం లూజయినాక, రెండు రౌండ్లు ఏసి పంపిస్తా."

గురుస్వామి చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. కొత్త బెల్టు మరీ బిగుతైతే కూత పెడుతుంది, వదులైతే పళ్ళ మీంచి జారుతుంది. వేళ్ళతో మెలిపెట్టి చూసి సరిచేశాక, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడాలి. ఆ సంగతి చెప్పేలోపే నాగేంద్రమ్మ ఫోను పెట్టేసి, గిద్దలూరులో ఉండే తమ్ముడు వెంకటేష్‌కు చేసింది.

వెంకటేష్ బైకేసుకొని బజారంతా వెతికి, షెడ్డు ముందు బావ కారును గుర్తుపట్టాడు. ఒక చక్రం లేదు. ముందు భాగమంతా విప్పి ఉంది. అతను అక్కడినుంచే ఫోను తీశాడు. "అక్కా, యాడనో గుద్దినాడు. చక్రం ఊడిపోయింది."

అంతలో ఓబులేసు కారు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. పట్టేసిన కాలితో తూలాడు. కప్పీల మీద ఆయిలు తుడిచిన థిన్నరు గుడ్డతోనే పొరపాటున మొహం తుడుచుకున్నాడేమో, కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎంత తాగినావు బావా?"

"తాగేదేందిరా? టైమింగ్ బెల్టు మారుస్తన్నాం."

"తెగిందా?"

"తెగలే. తెగకముందే మార్చాల."

"తెగనిదాన్ని ఎవుడన్నా మారుస్తాడా? చెప్పేదన్నా నమ్మేటట్టు చెప్పు బావా."

గురుస్వామి సాక్ష్యానికి ముందుకొచ్చాడు. వెంకటేష్ చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వుండు సామీ. అక్కకు ఫోన్లో రౌండ్లు చెప్పింది నువ్వే గదా."

ఓబులేసుకు వాదించే శక్తి పోయింది. "బండి నేను సాయంత్రం తెచ్చిస్తాలే, నువ్వు పో అన్నా" అని గురుస్వామి అన్నాడు. వెంకటేష్ బైకెక్కేముందు ఓబులేసు పాత బెల్టు చేతిలోకి తీసుకున్నాడు. దాని నిండా పగుళ్ళు, రెండు మూడు పళ్ళు రాలి ఉన్నాయి. నోటితో చెప్పలేనిది ఇదే చెబుతుందిలే అనుకున్నాడు.

ఇంటి ముందు సగం ఊరుంది. కారు బోల్తా పడిందని కొందరు, మనిషి ఆసుపత్రిలో ఉన్నాడని కొందరు వచ్చారు. మనిషి బైకు దిగి నడిచి వస్తుంటే వాళ్ళకు కొంచెం నిరాశ కలిగింది. గడపలో కూర్చున్న అత్తగారు లక్ష్మీనరసమ్మకు శుక్లాల కంటికి మొహం ఆనలేదు గాని, చేతిలో వేలాడే నల్లటి పట్టీ మాత్రం స్పష్టంగా ఆనింది.

"ఓయమ్మో! నా బిడ్డను కొట్టనీకి బెల్టు తీసినాడే!"

ఇద్దరు మగవాళ్ళు ఉరికి ఓబులేసు రెక్కలు పట్టుకున్నారు. బెల్టు ఎవరో లాగేసి గడ్డివాములోకి విసిరేశారు.

ఓబులేసు ఓపిక తెచ్చుకొని మొదలుపెట్టాడు. "అందరూ వినండి. ఇంజన్లో కింద ఒకటి తిరుగుతది, పైన ఒకటి తిరుగుతది. రెండూ కలిసి తిరగాల..."

"తల తిరుగుతుందంట" అని ముందున్నాయన వెనకవాళ్ళకు చెప్పాడు.

"మజ్జిగియ్యండి" అన్నారు వెనకవాళ్ళు.

లక్ష్మీనరసమ్మ కొంగు బిగించింది. "తాగినోడు తాగినా అని ఒప్పుకొని, ఇంక తాగనని ఒట్టేస్తే వేరే మాట. బుకాయించేవాడి బండి నేనెక్కను. నా కన్ను పోతే పోనీ."

ఆ ఆపరేషను తారీకు కోసం ఓబులేసు ఆసుపత్రి చుట్టూ ఎంత తిరిగాడో అతనికే తెలుసు. అతను అత్తను చూశాడు, గుంపును చూశాడు. మళ్ళీ బెల్టు దగ్గరినుంచి మొదలుపెట్టే ఓపిక లేదు.

"అవును, తాగినా" అన్నాడు. "బుద్ధి గడ్డి తినింది. ఇంక తాగను."

ఒక్కసారిగా వాకిలి చల్లబడింది. ఎవరో కర్పూరం తెచ్చి వెలిగించారు. ఓబులేసు మంట మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. "ఎంతైనా మగోడు, తప్పొప్పుకున్నాడు" అని పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. వెంకటేష్ బావను కౌగిలించుకున్నాడు. పిల్లనిచ్చిన నాటినుంచి అల్లుడితో ముభావంగా ఉండే లక్ష్మీనరసమ్మ, కోడిని కొయ్యమని కూతురికి చెప్పింది. నాలుగేళ్ళు తాగకుండా ఉన్నందుకు అతనికి ఇంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

సాయంత్రం గురుస్వామి కారు తెచ్చాడు. ఇంజను చప్పుడు గంటల గడియారంలా సమంగా ఉంది. బాగుచేసింది ఏమిటో, ఎందుకో అతను నాగేంద్రమ్మకు బానెట్టు ఎత్తి చూపించాడు. ఆమె అంతా విని, గడ్డివాము దగ్గరికి వెళ్ళి, పాత బెల్టు వెతికి తెచ్చి, పగుళ్ళ మీద వేలు పెట్టి చూసింది.

"మరి తాగినా అని ఎందుకు చెప్పినావయ్యా?"

"ఒక్క మాటతో బిన్నే అయిపోతదని."

నాగేంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని ఓబులేసు కంగారుపడ్డాడు గాని, ఆమె నవ్వుతోంది. "నాకన్నా పొద్దున్నే ఒక మాట చెప్పుంటే?"

"బాగనే నడుస్తుంది గదా అంటావని."

"అంటా మరి" అంది నాగేంద్రమ్మ.

అప్పుడే మహిళా సంఘం లీడరు దయామణి లోపలికొచ్చింది. ఆదివారం బెల్టు షాపుల మీద మీటింగు ఉందట. మానేసి, మళ్ళీ పడి, మళ్ళీ లేచిన మనిషి ఒకరు మైకు ముందు నాలుగు మాటలు చెబితే జనానికి బుద్ధొస్తుందట. "నువ్వే రావాల అన్నా. నీ అసుమంటోళ్ళు చెప్తేనే ఇంటారు."

"వస్తాడు లే" అంది నాగేంద్రమ్మ, నవ్వు ఆపుకుంటూ.

ఓబులేసు కూడా సరేనన్నాడు, కాదంటే మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి గనక.