ఏడింటి మంచు

సెలవురోజు పొద్దున కోడలు వేసుకున్న పథకం చిన్నదే. పది నిమిషాల్లో మామగారి బోర్డు సంగతి చూసేసి, కిటికీ పక్కన కూర్చుని వేడి టీ తాగడం.

ఇంటి వెనక ఫెర్న్ మొక్కల గాజుగది ఉంది. రేడియోలు బాగుచేసి రిటైరైన మామగారు, పదిహేనేళ్ల క్రితం ఒక మైక్రోకంట్రోలర్ బోర్డుకి తనే ప్రోగ్రాం రాసి హాలు గోడకి బిగించారు. రోజూ ఏడింటికి గాజుగదిలో పచ్చదీపం వెలగాలి, మోటారు తిరిగి సన్నటి తుంపర లేవాలి. మోకాళ్లు మొరాయించాక ఆయన ఆ గదికి వెళ్లడం మానేశారు. హాల్లో కుర్చీలోంచే చూస్తారు. గాజు మీద మంచు కమ్ముతుంది, ఆకులు కలలోవాటిలా మసకబారతాయి. అది చూడందే ఆయనకి తెల్లవారదు.

"ఏడుకి బదులు ఏడున్నర చెయ్యగలవా అమ్మాయ్?" అన్నారాయన.

"ఒక్క అంకె మార్చడమేగా మామయ్యగారూ!"

కొత్త సాఫ్ట్‌వేర్ ఆ బోర్డుని పలకరించనైనా లేదు. పాత వెర్షన్ తెచ్చుకుంటే కొత్త లాప్‌టాప్ దాన్ని గడప తొక్కనివ్వలేదు. భర్త పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, ఇటుకంత మందంగా. అది విరిగిన మంచంకోడు కింద ఆసరాగా ఉంది.

"ఏమండీ, కాస్త లేస్తారా?"

"ఇవాళ సెలవే తల్లీ..."

ఆమె లాగేసింది. మంచం ఒరిగింది. భర్త దుప్పటితో సహా నేలమీదికి జారి, అక్కడే నిద్ర కొనసాగించాడు.

తర్వాత లాప్‌టాప్‌ని బోర్డుకి కలపడానికి ప్రింటర్ కేబుల్ ఊడింది. తెర మీద మూడుసార్లు ఎర్ర అక్షరాలు వచ్చాయి. అసలు బోర్డు మాట వింటోందో లేదో చూద్దామని, దీపాన్ని ఒక సెకను వెలిగించి ఒక సెకను ఆర్పే పరీక్ష ప్రోగ్రాం పంపింది. ఎక్కింది! ఆ ఆనందం ఒక గుక్క చల్లారిన టీ తాగేంతసేపు ఉంది. కొత్తది ఎక్కిందంటే పాతది చెరిగిపోయిందని రెండో గుక్కకి తట్టింది. ఆయన పదిహేనేళ్ల మంచు తన చేతుల్లో పోయింది.

"మామయ్యగారూ... మీ ప్రోగ్రాం ఇంకెక్కడైనా రాసిపెట్టారా?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. "అబ్బ! ఇంత మంచు ఎన్నడూ చూళ్లేదమ్మాయ్!"

గాజు గదంతా పాలలో ముంచినట్టు తెల్లగా ఉంది. కోడలు టీ కప్పు కింద పెట్టేసింది. తను పంపినదాంట్లో మోటారు ఊసే లేదు.

పరుగెత్తి తలుపు తీసింది. తెల్లటి పొగలో అత్తగారు నిలువునా తడిసి ఉన్నారు. పచ్చదీపం వెలిగినప్పుడల్లా చేతిలోని పిచికారీ డబ్బా నొక్కుతున్నారు. వెలుగు, బుస్సు. వెలుగు, బుస్సు.

"ఏం చేశావే దీన్ని? ఎండాకులు గిల్లుదామని వచ్చాను, ఊపిరి తీసుకోనివ్వడం లేదు!"

"అత్తయ్యా, మీరెందుకు కొడుతున్నారు?"

"మోటారు కాలిపోయి ఆరేళ్లయింది. మీ మామగారికి ఆపరేషనైన వారం. ఆ కుర్చీలో కూర్చుని ఇటే చూస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. దీపం వెలిగితే వంగి నాలుగుసార్లు కొట్టేదాన్ని. చెప్పకు, చిన్నబుచ్చుకుంటారు."

వెనక చేతికర్ర చప్పుడైంది. ఆరేళ్ల తర్వాత మామగారు గడపలో నిలబడి ఉన్నారు, చంకలో పాత నోటుబుక్కుతో.

"ప్రోగ్రాం ఇందులో ఉందమ్మాయ్," అన్నారు కోడలితో. తర్వాత భార్యవైపు తిరిగారు. "మోటారు కాలిన వాసన ఆరోజే నా కుర్చీదాకా వచ్చిందే."

అత్తగారి డబ్బా ఆగింది. దీపం మాత్రం ఆగలేదు.

"తెలిసీ నాచేత ఆరేళ్లు కొట్టించారా?"

"నువ్వంత కష్టపడి దాస్తుంటే తెలుసని ఎలా చెప్పను? చలి పెరిగింది కదా, అరగంట ఎక్కువ పడుకుంటావనే ఏడున్నర చెయ్యమన్నాను."

ఇద్దరి మధ్యా మంచు మెల్లగా ఆకుల మీదికి దిగుతోంది. దుప్పటి కప్పుకుని వచ్చిన వాళ్లబ్బాయి కళ్లు నులుముకుంటూ, "కొత్త మోటారు కొంటే పోదా?" అన్నాడు. ముగ్గురూ చూసిన చూపుకి మళ్లీ పడుకోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి దీపం ఏడున్నరకే వెలుగుతోంది. అత్తగారు మాత్రం ఏడింటికే డబ్బాతో వచ్చి, ఈ దీపమింకా లేవలేదేమిటని దాని ముందు నిలబడుతున్నారు.