ఊదరాదు, పీల్చవలెను

ఉలవలదిన్నె డివిజనుకు కొత్త ఆర్డీవోగా ఒక వాల్వు ఆంప్లిఫయరు బదిలీ మీద వచ్చి చార్జి తీసుకుంది. గోధుమరంగు గుడ్డ అతికించిన చెక్కపెట్టె, ముందువైపు జల్లెడలాంటి బట్ట, దాని వెనక ఒకటే స్పీకరు, పైన వాల్యూము, బేసు, ట్రెబులు అని మూడు నాబులు, వీపున పాత రేడియోల్లో ఉండేలాంటి మూడు గాజు వాల్వులు. సిబ్బంది ఆనవాయితీ ప్రకారం పూలదండ వేశారు. నిమ్మకాయ చేతికివ్వబోయి, చెయ్యి లేదని గుర్తొచ్చి పెట్టె మీదే పెట్టారు. ఎవరికీ పెద్ద వింతగా తోచలేదు. ఇంతకుముందున్నాయన మనిషే, రెండు చెవులూ ఉండేవి, ఏం లాభం? ఈయన వినడానికే పుట్టారు కదా అని జనం సంబరపడ్డారు.

సారు వేడెక్కనిదే పని మొదలుపెట్టరు. "సారు ఇంకా వేడెక్కలేదు, కూచోండప్పా" అని డఫేదారు దస్తగిరి గుమ్మం దగ్గర చెబుతుంటాడు. పాత ఆర్డీవో వేడెక్కితే మెట్లు దిగి పారిపోయిన జనమే, ఈయన వేడెక్కడం కోసం వరండాలో ఓపిగ్గా కాచుకుంటారు. స్విచ్చి వేసిన కాసేపటికి వాల్వుల లోపలి తీగలు ఎర్రబడతాయి. మొదట మిణుకుమిణుకుమని, తర్వాత సంగటి దించాక పొయ్యిలో మిగిలిన నిప్పుల రంగులో. ఆ వెలుగు చూడగానే ఎవరూ చెప్పకుండానే జనం చెప్పులు విడిచేవారు, మగవాళ్లు తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకునేవారు. అబ్బ, ఏం వెలుగది! ప్రభుత్వం లోపల నిజంగానే ఏదో వెలుగుతోందని కళ్లారా చూడడం ఉలవలదిన్నెకు అదే మొదటిసారి.

మామూలు మాట సారుకు ఎక్కదు. అందుకు జీవో కూడా ఉంది. నోటితో చెప్పుకునే అర్జీలలో కీచుదనం హెచ్చుగానూ చిక్కదనం తక్కువగానూ ఉంటున్నందున, ఇకమీదట అర్జీలన్నీ మౌత్ ఆర్గాన్ ద్వారా మాత్రమే స్వీకరించబడునని అందులో రాశారు. కౌంటరులో వేడినీళ్లలో ముంచి తుడిచిన మౌత్ ఆర్గాన్లు ఇస్తారు. తెల్లకార్డు వాళ్లకు మంద్రస్వరానిది, గులాబీకార్డు వాళ్లకు హెచ్చుస్వరానిది. కార్డు లేనివాళ్లు ముందు కార్డు కోసం అర్జీ పెట్టుకోవాలి. దానికి మౌత్ ఆర్గాన్ కావాలి. ఈ చిక్కు మీద పైకి రాశారు, జవాబు రావాల్సి ఉంది.

మౌత్ ఆర్గాన్‌తోపాటు ఒక పాతకాలపు గుండ్రటి మైకు కూడా ఇస్తారు, బత్తాయిపండంత ఉంటుంది. రెండిటినీ కలిపి గాలి చొరకుండా చేతుల మధ్య మూసి పట్టుకోవాలి. అంటే దోసిలి పట్టాలి. ఇది మాత్రం ఎవరికీ నేర్పాల్సిన పని లేకపోయింది. ఆ ఆఫీసు మెట్లెక్కగానే డివిజనులో ఎవరి చేతులైనా వాటంతటవే దోసిలి అవుతాయి. దోసిలి ఎంత బిగిస్తే స్వరం అంత చిక్కబడుతుంది. వేళ్లు సడలించారా, నీళ్లమజ్జిగే.

సారును సరిగ్గా సెట్ చేసే బాధ్యత దస్తగిరిది. దానికి సూపరింటెండెంటు శేషఫణి సంతకం చేసిన పద్ధతి ఒకటుంది. ముందు ట్రెబులు దాదాపు పూర్తిగా తగ్గించాలి, కీచుమనే అర్జీ పై అధికారులకు తలనొప్పి తెస్తుంది కాబట్టి. బేసు సగానికి పైన పెట్టాలి, అది అర్జీకి బరువునిస్తుంది. తర్వాత వాల్యూము మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే ఒకచోట సారు కుయ్యిమంటారు. అది కోపం. వెంటనే వెంట్రుకవాసి వెనక్కి తిప్పాలి. కోపానికి వెంట్రుకవాసి ఇవతల సారు మనసు వెన్నపూస. అక్కడ స్వరం కొంచెం చిరిగి, కొంచెం బొంగురుపోయి, మనిషి గొంతుకన్నా ఎక్కువగా మనిషి గొంతులా ఉంటుంది. మొదట్లో సారుతో వచ్చిన మూడు వాల్వుల్లో ముందుది మరీ చురుకైనది. అర్జీదారు పెదవి ఆనించకముందే సారు కుయ్యిమని లేచేవారు. హెడ్డాఫీసుకు రాస్తే కాస్త మెత్తటి వాల్వు పంపించారు, అప్పటినుంచి సారు శాంతస్వభావులయ్యారు. మనుషులకు ఈ సదుపాయం లేకపోయిందే అని శేషఫణి అప్పుడప్పుడూ నిట్టూరుస్తాడు.

ఆ సోమవారం సుంకులమ్మ వచ్చింది. బస్టాండు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకునే మనిషి. ఆమె అక్క లింగమ్మ ముందురోజు చచ్చిపోయింది. శవం ఇంట్లో అద్దె ఐసుపెట్టెలో ఉంది. పూడ్చడానికి చోటుంది, పోవడానికి దారి లేదు. వాళ్ల పేట శ్మశానానికి పోయే బండిబాటకు అడ్డంగా పక్కపొలం ఆసామి రాతికూసాలు నాటి ముళ్లకంచె వేశాడు. చుట్టూ తిరిగిపోదామంటే వంక, వానలకు రొమ్ములోతు పారుతోంది. పోయినేడు అట్లాగే వంకలోంచి మోస్తుంటే పాడె చేజారి శవం కొట్టుకుపోయి కింది ఊళ్లో తేలింది. ఆ శవం సుంకులమ్మ మొగుడిది. అక్కకు ఆ గతి పట్టకూడదు. సాయంత్రంలోగా కంచె తీయించే ఆర్డరు కావాలి. ఆమె అడగవచ్చింది అదొక్కటే. లింగమ్మ కూతురు వన్నూరమ్మ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో ఆమె వెనకే నిలబడింది.

"మా యక్క ఇంట్లో పడుండాది సామీ. రవ్వంత సారుకి నువ్వన్నా చెప్పు" అంది సుంకులమ్మ.

"నాతో చెప్పుకుంటే ఏమొస్తాదమ్మా? ఇద్దో, దీంట్లో చెప్పు" అని దస్తగిరి మౌత్ ఆర్గాన్, మైకు ఆమె చేతుల్లో పెట్టాడు.

సుంకులమ్మ దోసిలి బిగించి, మొగుణ్నీ అక్కనీ కంచెనీ వంకనీ కలిపి ఒక్కసారిగా ఊదేసింది. తిరనాళ్లలో పిల్లలు ఊదే బూరలాంటి చప్పుడు వచ్చింది. సారు కుయ్యిమన్నారు. వరండాలో ఇద్దరు ముగ్గురు చెవులు మూసుకున్నారు.

"మళ్లీ అదే తప్పు. ఇంత పెద్ద బోర్డు పెట్టినా చదవరు" అని శేషఫణి గోడవైపు చూపించాడు. ఆఫీసులో ఉమ్మరాదు అన్న బోర్డు కిందే, అదే రంగులో, ఊదరాదు, పీల్చవలెను అని రాసి ఉంది.

పాపం, ఈ తప్పు ఉలవలదిన్నెలో అందరూ చేసేదే. తెలుగువాళ్లు గోడు వెళ్లబోసుకుంటారు. లోపలున్నదాన్ని బయటికి పోయాలని అవ్వల కాలం నుంచీ అలవాటు. పైగా ఆ వాయిద్యాన్ని వాయించడాన్ని ఊదడమనే అంటారు. సారు తీరు వేరు. ఊదితే వచ్చేది సంబరం, దాన్ని ఊరేగింపు కింద లెక్కవేస్తారు. దుఃఖం పలికే స్వరాలన్నీ గాలిని లోపలికి లాగితేనే పలుకుతాయి. అదీ ఊరికే లాగితే చాలదు. నాలుక వెనక్కి దించి, గొంతు తెరిచి, గుటక వేస్తున్నట్టు లాగాలి. అప్పుడు స్వరం వంగుతుంది. వంగిన స్వరమే అర్జీ. వంగకుండా నిటారుగా నిలబడిన స్వరాన్ని నిబంధనల ప్రకారం డిమాండుగా పరిగణించి పోలీసుశాఖకు పంపిస్తారు.

"బయటికి గాదమ్మా, లోపలికి" అన్నాడు దస్తగిరి మెల్లగా. "ఎవురన్నా నిన్ను తిట్టినప్పుడు నోరెత్తకుండా ఊరకుంటావు సూడు. అప్పుడు గొంతులో ఏందో కిందికి పోతాదే, అట్ల."

"ఓ, దిగమింగేదా?" అంది సుంకులమ్మ. "ఆ మాట ముందే చెప్పగూడదా సామీ! అది నాకు పుట్టినప్పట్నుంచీ వచ్చు."

దస్తగిరి ట్రెబులు ఇంకొంచెం చంపాడు. బేసు ఎత్తాడు. వాల్యూము పెంచి, సారు కుయ్యిమనగానే వెంట్రుకవాసి వెనక్కి తెచ్చి చెయ్యి తీసేశాడు. సుంకులమ్మ కళ్లు మూసుకుని దోసిలి బిగించి లోపలికి లాగింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి మాటలు చాలవు, అయినా చెప్పాలి. మొదట గది నేల అదిరింది. బల్లమీద గ్లాసులో నీళ్లు వణికాయి. ఆ చిన్న పెట్టెలోంచి ఎంత లావు స్వరం వచ్చిందంటే, గోడలు కాస్త వెనక్కి జరిగి దానికి చోటిచ్చినట్టు అందరికీ తోచింది. అది పైకి పోయి, అక్కడ నిలవలేక వంగి, చిరిగి, చిరిగినచోట మళ్లీ కలుసుకుని కిందికి దిగింది. వాల్వుల్లో ఎర్రటి వెలుగు చుట్టూ నీలిరంగు వెలుగు ఒకటి పుట్టింది. కంప్యూటర్ల ముందున్నవాళ్ల వేళ్లు ఆగిపోయాయి. ఎవరింట్లో చచ్చిపోయినవాళ్లు వాళ్లకు గుర్తొచ్చారు. శేషఫణి, పాతికేళ్ల సర్వీసులో ఏ అర్జీకీ చెమ్మగిల్లని కళ్లతో, బొటబొటా ఏడ్చాడు. కంచె వేసిన ఆసామి కూడా వేరే ఏదో నోటీసు మీద వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. "సామీ, ఇంత బాధుంటాదా మనిషికి!" అని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

అందరికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయింది సుంకులమ్మే. ఇదంతా నా లోపల ఉండిందా అనుకుంది. ఇన్నేళ్లుగా మింగినది ఎక్కడికీ పోలేదన్నమాట. ఆమెకు భయమూ వేసింది, గర్వమూ వేసింది. ఇంత విన్నాక సారు కంచె తీయించకుండా ఎట్లా ఉంటారని ధైర్యం కూడా వచ్చింది.

సారు ఆర్డర్లు మాటల్లో ఇవ్వరు. స్వరం ఆగాక స్పీకరులో మిగిలే సన్నటి హోరును బట్టి శేషఫణి రాస్తాడు. ఆ రోజు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. రాసి, లేచి నిలబడి చదివాడు.

"అర్జీదారు స్వరం ఈ డివిజనులో ఇంతవరకు నమోదైన స్వరాలన్నింటిలోనూ అత్యుత్తమమైనదిగా గుర్తించడమైనది. సదరు స్వరమునకు సదరు కంచెయే మూలకారణమని విచారణలో తేలినది. కంచెను తొలగించినచో స్వరం పలచబడు ప్రమాదం గలదు. కావున కంచెను యథాతథముగా కాపాడవలసినదిగా పొలం యజమానిని ఆదేశించడమైనది. అర్జీదారు ప్రతి సోమవారం హాజరు కావలెను."

వరండాలో చప్పట్లు మోగాయి. ఆసామి లేచి రెండు చేతులూ జోడించాడు. "గవర్నమెంటు చెప్పినాక కాదంటానా? ఇంకో రెండు వరసలు ముళ్లతీగ నా సొంత ఖర్చుతో ఏపిస్తా" అన్నాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"మరి మా యక్క?" అంది సుంకులమ్మ.

"వంక ఉంది కదమ్మా" అన్నాడు శేషఫణి. ఎంతో మర్యాదగా అన్నాడు, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

సుంకులమ్మ నోరు తెరిచింది. బూతుమాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో అలవాటు కొద్దీ గొంతు దాన్ని వెనక్కి తీసుకుని గుటక వేసింది. మైకు ఇంకా ఆమె దోసిట్లోనే ఉంది. ఆ గుటక స్పీకరులోంచి గదంతా వినిపించింది, చిన్నదే, లోతుగా, అందంగా వంగింది. "ఆహా!" అన్నారందరూ ఒక్కసారిగా. దస్తగిరి నాబుల మీద చెయ్యి వేయబోయి, ఇక సరిచేయాల్సింది ఏమీ లేదని వెనక్కి తీసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా లింగమ్మను వంకలోకి దించారు. పేటలోని మగవాళ్లు నలుగురు పాడె మోశారు. సుంకులమ్మ ఈసారి పాడెకు మోకు కట్టి, ఒక కొస తను నడుముకు చుట్టుకుని, రెండోది వన్నూరమ్మ చేతికి ఇచ్చింది. నీళ్లు మోకాలు దాటాయి, నడుము దాటాయి. ఒడ్డు మీద కంచె పొడుగునా బాగా కనిపిస్తోంది, కొత్త తీగ అప్పుడే లాగుతున్నారు. నడివంకలో ముందున్నవాడి కాలు జారింది. పాడె ఒక పక్కకు ఒరిగి, లింగమ్మ తల నీళ్లలోకి మునిగింది.

"అమ్మా!" అని వన్నూరమ్మ కేక పెట్టింది. వంకంతా వినబడేట్టు ఏడుపు లంకించుకుంది.

సుంకులమ్మ ఒక చేత్తో మోకు బిగబట్టి, పాడెను నిలబెట్టి, రెండో చేత్తో ఆ పిల్ల నోరు మూసింది.

"ఊదొద్దే" అంది. "ఊరికే పారబోసుకుంటావేమే? లోపలికి లాక్కో. సోమవారానికి పనికొస్తాది."

వన్నూరమ్మ గుటక వేసింది. మొదటిసారికి బాగానే వంగింది.